ఊరి నడిబొడ్డున సిలువ నాటకం: హౌడా వీధి నుంచి ప్రొద్దుటూరు బజారు దాకా

 

పిజ్జా మీద వేసే గౌడా చీజ్ పేరు వినుంటారు. నెదర్లాండ్స్‌లో ఆ పేరుతో నిజంగానే ఒక ఊరుంది. వాళ్ళు హౌడా అని పలుకుతారు. జనాభాలో మన ప్రొద్దుటూరులో సగం కూడా ఉండదు. 2011 ఏప్రిల్ 21, గురువారం రాత్రి, ఆ ఊరి నడిబొడ్డున మార్కెట్ మైదానంలో పెద్ద స్టేజి వేశారు. ఇంకోవైపు వీధుల్లోంచి తెల్లగా వెలిగే ఒక పెద్ద సిలువను మామూలు జనం భుజాల మీద మోసుకుంటా వస్తున్నారు. పక్కనే మైకు పట్టుకుని టీవీ యాంకర్. మోసేవాళ్ళను ఆపి, 'మీరెందుకు మోస్తున్నారు?' అని అడుగుతా ఉంటారు. ఒకరు చనిపోయిన వాళ్ళ అమ్మ గురించి చెప్తారు, ఇంకొకరు నాకు దేవుడి మీద నమ్మకం లేదు, ఊరికే వచ్చినా అంటారు. స్టేజి మీద యేసు. పాత్ర వేసింది సిబ్ వాన్ డెర్ ప్లూగ్ అనే పాప్ సింగర్. పొడుగు అంగీ లేదు, మామూలు ఈ కాలం బట్టలు. పాడేవి కూడా చర్చి పాటలు కావు, రోజూ రేడియోలో వచ్చే డచ్ పాటలే. అదంతా టీవీలో లైవ్. షో పేరు 'ద ప్యాషన్'.

ప్యాషన్ అంటే ఇక్కడ ఇష్టం, మోజు అని కాదు. లాటిన్‌లో ఆ మాటకు మూలం బాధ, శ్రమ. మన చర్చిల్లో ఈస్టర్ ముందు నలభై రోజుల్ని శ్రమల కాలం అంటారు కదా, అదే అర్థం. యేసు చివరి భోజనం, పట్టుకుపోవడం, విచారణ, సిలువ. ఈ కథను నాటకంగా ఆడితే ప్యాషన్ ప్లే.

ఇదంతా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తట్టు హిస్టరీ చెప్పుకునే మన ఎపిసోడ్లలో ఎందుకొచ్చిందంటే, ఈ షోను నేను ఫోన్‌లో చూస్తా ఉన్నప్పుడు ఒకటే అనిపించింది. ఊరి మధ్యలో కథ ఆడడం, ఊరే స్టేజి కావడం, చూసేవాళ్ళే పాత్రలు కావడం, ఇది మనకు కొత్తా? కాదు కదా. మరి యేసు కథ మన తట్టు వచ్చి ఇన్నేళ్ళయినా వీధిలోకి కాకుండా చర్చి గోడల లోపలే ఎందుకుండిపోయింది? ఈ ప్రశ్న పట్టుకుని కొంచెం వెనక్కి పోదాం.

డచ్ వాళ్ళు కూడా దీన్ని సొంతంగా కనిపెట్టలేదు. దీనికి ముందు ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ ప్యాషన్ ఉంది. 2006 ఏప్రిల్ 14, గుడ్ ఫ్రైడే రోజు, ఆల్బర్ట్ స్క్వేర్‌లో ఆడారు, బీబీసీ త్రీ చానల్‌లో లైవ్ ఇచ్చారు. మాంచెస్టర్ అంటే మిల్లుల ఊరు, ఆ తర్వాత రాక్ బ్యాండ్ల ఊరు. అందుకే పాటలన్నీ ఆ ఊరి బ్యాండ్లవే తీసుకున్నారు. ఒయాసిస్, ద స్మిత్స్, జాయ్ డివిజన్, స్టోన్ రోజెస్. చివరి భోజనం బర్గర్ బండి దగ్గర. పునరుత్థానం వచ్చేసరికి యేసు టౌన్‌హాల్ పైనుంచి కనిపిస్తాడు. కింద జనానికి ఆ పాటలు ముందే నోటికొచ్చు కాబట్టి వాళ్ళూ అందుకుంటారు. అసలు కిటుకంతా అక్కడుంది. కొత్త పాట రాసి నేర్పిస్తే జనం నిలబడి వింటారు. వాళ్ళకు తెలిసిన పాటే యేసు నోట్లోంచి వస్తే నిలబడలేరు, పాడతారు.

డచ్ చానళ్ళు ఆ పద్ధతి తీసుకుని ఏటా ఈస్టర్ ముందు గురువారం ఒక కొత్త ఊర్లో చేయడం మొదలుపెట్టాయి. 2012లో రాటర్‌డామ్, 2013లో ద హేగ్, 2014లో క్రోనింగెన్. ఒక దశలో టీవీ ప్రేక్షకులు 30 లక్షలు దాటారు. అప్పట్లో ఆ దేశం మొత్తం జనాభానే దాదాపు కోటీ డెబ్బై లక్షలు. చర్చికి పోయేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్న దేశంలో ఇంతమంది చూశారు, అది గమనించండి. అమెరికా వాళ్ళూ 2016 మార్చి 20న న్యూ ఆర్లీన్స్‌లో చేశారు, ఫాక్స్ చానల్‌లో వచ్చింది, టైలర్ పెర్రీ కథ చెప్పాడు. అక్కడ అంత అతుక్కున్నట్టు నాకనిపించలేదు. భారీగా ఉంది కానీ, ఆ ఊరు మాత్రం అందులో సరిగా కనపడదు.

సరే. టీవీ వచ్చాక పుట్టిన ఆలోచనా ఇది? ఇంగ్లండ్‌లోనే యార్క్ అనే ఊరుంది. అక్కడ 14వ శతాబ్దం నుంచి, అంటే మన దగ్గర విజయనగర రాజ్యం మొదలైన కాలం నుంచి, ఏటా ఎండాకాలంలో ఒక పండగ రోజు బైబిల్ కథ మొత్తం వీధుల్లో ఆడేవాళ్ళు. సృష్టి నుంచి చివరి తీర్పు దాకా దాదాపు 48 చిన్న నాటకాలు. ఒక్కో నాటకానికి ఒక్కో చక్రాల బండి. తెల్లవారకముందే మొదలుపెట్టి, బండ్లను వీధి వీధికీ తోసుకుంటా, ఆగిన ప్రతిచోటా ఆడుకుంటా పోయేవాళ్ళు. మన తేరు లాగినట్టే, కాకపోతే తేరు మీద దేవుడి బదులు నటులు.

ఎవరు ఆడేవాళ్ళు? ఊర్లో వృత్తిసంఘాలు. నోవహు ఓడ కథ ఓడలు కట్టేవాళ్ళది. చివరి భోజనం రొట్టెలు కాల్చేవాళ్ళది. శిశువు యేసుకు జ్ఞానులు బంగారం తెచ్చిచ్చే కథ కంసాలులది. ఇక సిలువ వేసే నాటకం ఎవరిదో తెలుసా? మేకులు, సూదులు చేసేవాళ్ళది. ఆ నాటకంలో సైనికులు నలుగురూ పని గురించే మాట్లాడుకుంటారు. చిల్లులు దూరంగా పడినాయి, చెయ్యి అందడం లేదు, తాడు కట్టి లాగండి అని. ఎవర్ని చంపుతున్నామనే ధ్యాసే లేదు వాళ్ళకు. పని సరిగ్గా రావడం లేదనే చిరాకే. చూసేవాళ్ళు రోజూ బజారులో చూసే మేకుల పనివాళ్ళే ఆ మాటలు అంటుంటే ఎట్లుంటుందో ఆలోచించండి.

ఇక్కడ ఒక్క నిమిషం ప్రొద్దుటూరుకు రండి. బంగారు అంగళ్ళు, గుడ్డల అంగళ్ళు, పత్తి, నూనె, మగ్గాలు. ఆ యార్క్ పద్ధతిలో వృత్తుల ప్రకారం పంచితే ప్రొద్దుటూరులో ఒక్క పాత్రకూ మనిషి కరువుండదు. జ్ఞానుల బంగారం కంసాలి వీధిది. యేసు అంగీ కోసం సైనికులు చీట్లు వేసుకునే సీను మగ్గాల వాళ్ళది. కుట్టు లేకుండా పైనుంచి కిందిదాకా నేసిన అంగీ అని యోహాను సువార్తలో ఉంది. అది చింపితే పాడైపోతుందని చీట్లు వేసుకుంటారు. నేతపని తెలిసిన ఊర్లో ఆ సీను వేరేగా ఉంటుంది, అంతే.

యార్క్ నాటకాలు 1569 తర్వాత ఆగిపోయినాయి. దేశం ప్రొటెస్టెంట్ అయిపోయింది, దేవుణ్ణి వేషం కట్టి ఆడడం తప్పు అనే అభిప్రాయం బలపడింది. తర్వాత నాటకాలకు ప్రభుత్వ సెన్సార్ వచ్చింది, స్టేజి మీద క్రీస్తును చూపించే నాటకానికి లైసెన్స్ ఇచ్చేవాళ్ళు కాదు. 1951లో యార్క్ నాటకాల్ని మళ్ళీ ఆడినప్పుడు యేసు పాత్ర వేసిన నటుడి పేరు ప్రోగ్రామ్ కాగితంలో వేయలేదు. ఆ సెన్సార్ పూర్తిగా పోయింది 1968లో.

ఈ ముక్క మనకెందుకంటే, మన దగ్గరికి సువార్త తెచ్చింది ఆ దేశపు వాళ్ళే, అదీ ఆ నిషేధం నడుస్తున్న కాలంలో. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో స్టేషన్ పెట్టింది. బ్రౌన్ దొర కడపకొచ్చిన రెండేళ్ళకు. ఆ శతాబ్దం మధ్య నుంచి మాలపల్లెల్లో ఒక్కో మనిషి కాదు, పల్లెకు పల్లె క్రైస్తవంలోకి రావడం మొదలైంది. శతాబ్దం చివర్లో జమ్మలమడుగు పెద్ద మిషన్ కేంద్రం అయింది. అక్కడి క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఆ కాలపుదే. మన తట్టు ముసలోళ్ళు ఇప్పటికీ మిషన్ ఆసుపత్రి అనే అంటారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్ఐ ఏర్పడినప్పుడు ఈ చర్చిలన్నీ అందులో కలిసినాయి.

ఆ మిషనరీలు చదువు తెచ్చారు, మందు తెచ్చారు, కీర్తనలకు మాత్రం మన రాగాలే తీసుకున్నారు. నాటకం తేలేదు. తేరు కూడా. వాళ్ళ దృష్టిలో నాటకమంటే సారా అంగడి పక్కింటిది. అందుకే మన తట్టు చర్చిల్లో శ్రమల కథ ఎక్కువగా చెవులతో విన్నదే. గుడ్ ఫ్రైడే రోజు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, మంచి ఎండలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు. మా జేజి ఆ మూడు గంటలూ మంచినీళ్ళు కూడా తాగేది కాదు. నాకేమో పదేళ్ళప్పుడు నాలుగో మాటకే నిద్రొచ్చేది, జేజి మోచేత్తో పొడిచేది. కథోలిక చర్చిల్లో మాత్రం సిలువ మార్గం అని పద్నాలుగు చోట్ల ఆగి ప్రార్థన చేసుకుంటా నడిచే పద్ధతి ఉంది. అది కొంచెం నాటకానికి దగ్గర.

మరి చర్చి బయట మన జిల్లాలో ఏం జరుగుతా ఉండేది ఆ కాలంలో? ఇక్కడ కథ భలే ఉంటుంది.

1885. ఇప్పటి పులివెందుల నియోజకవర్గంలోనే, చక్రాయపేట మండలంలో సురభి అనే ఊరుంది. అక్కడ తోలుబొమ్మలాట ఆడే వనారస కుటుంబం. తరాల కిందట మహారాష్ట్ర తట్టు నుంచి వచ్చినోళ్ళు. ఒక పెళ్ళి సందర్భంలో, బొమ్మలతో కాదు, మనుషులతో ఆడండి అని ఊరివాళ్ళు అడిగితే, వనారస గోవిందరావు వాళ్ళు కీచకవధ ఆడారు. బొమ్మను పట్టుకున్న చేతులు తెర ముందుకొచ్చిన రోజది. అదే సురభి నాటక సమాజం పుట్టుక. ఊరి పేరే కంపెనీ పేరు, వాళ్ళ ఇంటిపేరు లాంటిది కూడా. మిగతా చోట్ల ఆడవేషాలు మగవాళ్ళు కడుతున్న రోజుల్లో సురభిలో ఇంటి ఆడవాళ్ళే ఆడారు. 2013లో సురభి నాగేశ్వరరావుకు, బాబ్జీ అంటారు, పద్మశ్రీ వచ్చింది. తెలుగు రంగస్థలంలో ఇంత పెద్ద పేరు మన పులివెందుల పక్క పల్లెలో మొదలైందని మన పిల్లలకు ఎంతమందికి తెలుసు?

గమనించండి. కొంత దూరంలో జమ్మలమడుగులో దొరలు నాటకం వద్దంటున్నారు. ఇక్కడ సురభిలో కొత్త నాటకం పుడుతోంది. దాదాపు ఒకే కాలం, ఒకే జిల్లా.

ఇంకోటి, పక్కనే చిత్తూరు జిల్లాలో ద్రౌపది గుళ్ళ దగ్గర జరిగే భారతం. పద్దెనిమిది రోజుల యుద్ధం కథ. పగలు పురాణం చెప్తారు, రాత్రి వీధి నాటకం ఆడతారు. అర్జునుడి తపస్సు రోజు పొడుగాటి మాను పాతి, అర్జునుడి వేషం కట్టినాయన పద్యాలు పాడుకుంటా పైకెక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో పడుకునుంటారు, ఆయన పైనుంచి నిమ్మకాయలు, పండ్లు విసురుతాడు. చివరి రోజు నేల మీద మట్టితో కొండంత దుర్యోధనుణ్ణి చేస్తారు, భీముడు వచ్చి తొడ కొడతాడు. ఆ మట్టిని జనం ఇంటికి తీసుకుపోతారు. ఇందులో ప్రేక్షకుడెవరు, నటుడెవరు? చెప్పలేం.

పీర్ల పండగ కూడా ఆలోచించండి. క్రీస్తు శకం 680లో కర్బలాలో హుసేన్‌ను చంపిన దుఃఖం అది. ఇరాన్‌లో దాన్ని తాజియా అని నాటకంగానే ఆడతారు, ప్యాషన్ ప్లేకు అచ్చం తోబుట్టువు. మన రాయలసీమలో నాటకం లేదు కానీ పీర్లు లేస్తాయి, గుండం తొక్కుతారు, ఊరేగింపు ఊరి మధ్య నుంచి పోతుంది. మోసేవాళ్ళలో, మొక్కుకునేవాళ్ళలో హిందువులూ ఉంటారు. ప్రొద్దుటూరు దసరా సంగతి నేను చెప్పనక్కర్లేదు. అమ్మవారిశాల నుంచి ఊరేగింపు బయల్దేరితే ఊరంతా రోడ్డు మీదే.

అంటే, అందరి దేవుళ్ళూ వీధిలోకొచ్చారు. యేసు మాత్రం మూడు గంటల ప్రసంగంలో కూర్చున్నాడు. దొరల అలవాటు ఒక కారణం. రెండో కారణం దొరలది కాదు, మనది. క్రైస్తవులైన వాళ్ళలో ఎక్కువమంది ఎవరు? ఊరి బయట పల్లెలో ఉన్నవాళ్ళు. ఊరి నడివీధిలో చెప్పులేసుకుని నడవనివ్వని, ఊరి బావిలో నీళ్ళు తోడుకోనివ్వని కాలం అది. అట్లాంటి మనుషులు ఒక సిలువను ఎత్తుకుని బజారు మధ్యలోంచి ఎట్లా పోతారు? నాటకం ఆడాలంటే ముందు వీధి మనదై ఉండాలి. హౌడాలో కౌన్సిల్ పర్మిషన్ చాలు, ఇక్కడ కాగితంతో అయ్యే పని కాదు అప్పట్లో.

వీధికి దారి తెరిచింది ఒక సినిమా. 1978 డిసెంబర్, కరుణామయుడు. డైరెక్టర్ ఎ. భీమ్‌సింగ్. తమిళంలో శివాజీ గణేశన్‌తో పాశమలర్ లాంటి పెద్ద సినిమాలు తీసినాయన. రిలీజ్ చూడలేదు పాపం, ఆ ఏడాది జనవరిలోనే పోయాడు. యేసుగా విజయచందర్, నిర్మాత కూడా ఆయనే. ప్రకాశం పంతులు గారి మనవడి వరస. మాటలూ, చాలా పాటలూ మోదుకూరి జాన్సన్. సిలువ మోసే ఘట్టం మీద బాలు పాడిన పాట ఉంది చూడండి, గుడ్ ఫ్రైడే వస్తే ఇప్పటికీ ప్రతి ఊర్లో మైకులో వినాల్సిందే. క్రైస్తవులు కాని ఇళ్ళల్లో కూడా అది నోటికొచ్చు.

థియేటర్లలో ఆడింది ఒక ఎత్తు. తర్వాత ప్రొజెక్టర్, జనరేటర్ జీపులో వేసుకుని బృందాలు ఊరూరా తిరిగి చూపించాయి. హిందీలో దయాసాగర్, ఇంకా చాలా భాషల్లోకి పోయింది. రెండు గుంజలు పాతి మధ్యలో తెల్లగుడ్డ కడితే అదే తెర. గుడ్డకు రెండు పక్కలా కూర్చునేవాళ్ళు. వెనకవైపు కూర్చున్నోళ్ళకు బొమ్మ తిరగబడుతుంది కాబట్టి యేసు ఎడమచేత్తో దీవిస్తాడు. మా జేజి వెనకవైపే చూసిందంట, చాలా ఏళ్ళు ప్రభువుది ఎడమచేతి వాటం అనే చెప్పేది. ఆ గుడ్డ కట్టింది ఎక్కడ? చర్చి లోపల పట్టదు. రచ్చకట్ట దగ్గరో, బడి ముందరో, ఊరందరూ వచ్చే చోట. వచ్చినోళ్ళు ఊరి జనమంతా. పల్లెవాళ్ళ దేవుడి కథను ఊరివాళ్ళు నేల మీద కూర్చుని, ముక్కు చీదుకుంటా చూడడం చాలా ఊర్లలో అదే మొదటిసారి అయ్యుంటుంది. అదే విజయచందర్ 1986లో షిరిడీ సాయిబాబాగా చేశాడు. జనానికి ఏ ఇబ్బందీ లేదు. ఎన్టీఆర్ రాముడైతే రాముడు, కృష్ణుడైతే కృష్ణుడు అనుకున్నవాళ్ళం కదా మనం.

ఇక అసలు కష్టం దగ్గరికొస్తున్నా. ప్యాషన్ ప్లేలో యేసు పాత్ర కష్టం కాదు. గుంపు పాత్ర కష్టం.

జర్మనీలో ఒబరామెర్గావ్ అనే కొండ ఊరుంది. 1633లో ప్లేగు వచ్చినప్పుడు, మమ్మల్ని కాపాడితే శ్రమల నాటకం ఆడుతూ ఉంటాం అని మొక్కుకున్నారు. 1634లో మొదలై ఇప్పటికీ పదేళ్ళకోసారి ఆడతారు. 2020లో ఆడాల్సింది కరోనా వల్ల 2022కు పోయింది. నటులందరూ ఆ ఊరివాళ్ళే. ఏడాది ముందు నుంచీ జుట్టు, గడ్డం కత్తిరించుకోరాదు. వినడానికి ముచ్చటగా ఉంది కదా. కానీ ఆ నాటకంలో శతాబ్దాల పాటు గుంపు అంటే యూదులు, విలన్లు అంటే యూదులు. నెత్తిన కొమ్ముల టోపీలు పెట్టి మరీ చూపించారు. 1934లో మూడొందల ఏళ్ళ ప్రత్యేక ప్రదర్శనకు హిట్లర్ వచ్చి చూశాడు. యూదుల మీద ద్వేషానికి ఈ నాటకం బాగా పనికొస్తుందని తర్వాత మెచ్చుకున్నాడు. యేసు కూడా యూదుడే, ఆయన తల్లీ, శిష్యులూ యూదులే అన్న చిన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆ మరణానికి యూదుల్ని మొత్తంగా బాధ్యుల్ని చేయకూడదని కథోలిక చర్చి అధికారికంగా చెప్పింది 1965లో. ఒబరామెర్గావ్ నాటకాన్ని గట్టిగా సరిచేసింది 1990 నుంచి డైరెక్టర్‌గా ఉన్న క్రిస్టియన్ స్టూకెల్. పాత నాటకంలో గుంపంతా ఒకే మాట అరిచేది. ఇప్పుడు గుంపులోనే వదిలేయమని అరిచేవాళ్ళూ ఉంటారు.

కాబట్టి ఊరి మధ్యలో ఈ కథ ఆడితే, 'వాన్ని సిలువ వేయండి' అని అరిచే గుంపు ఎవరి పోలికతో ఉండాలన్నది చిన్న విషయం కాదు. హౌడా పద్ధతిలో నాకు నచ్చింది అక్కడే. అక్కడ గుంపు వేషం ఎవరికీ లేదు. మైదానంలో నిలబడి, ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటున్న జనమే గుంపు. పిలాతు వాళ్ళ వైపు తిరిగి, ఎవర్ని వదలమంటారు అని అడిగితే, కెమెరా కూడా వాళ్ళ వైపే తిరుగుతుంది. పాట పాడి పరవశించిన మనిషే ఈ ప్రశ్నకూ జవాబివ్వాలి.

ఇప్పుడు దీన్ని మన మూడు ఊర్లలో పెట్టి చూడండి. బయటివాళ్ళకు మన పేరు చెప్తే సినిమాల్లో చూసిన సుమోలు, వేటకొడవళ్ళే గుర్తొస్తాయి. ఆ సినిమాలంటే నాకు చికాకే, కానీ ఫ్యాక్షన్ అబద్ధం అని నేను చెప్పలేను. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడవాళ్ళు మన ఊర్లలో ఉన్నారు. రాజకీయం జోలికి, పేర్ల జోలికి పోను. కథలోకే వస్తా. గెత్సేమనే తోటలో యేసును పట్టుకోవడానికొస్తారు. పేతురు కత్తి తీసి ప్రధాన యాజకుని దాసుడి చెవి తెగ నరుకుతాడు. ఆ దాసుడి పేరు మల్కు అని కూడా సువార్తలో రాసుంది. మామూలు చోట అది అర నిమిషం సీను. పులివెందుల పూలంగళ్ల సర్కిల్‌లో ఆడితే అర నిమిషంలో అయిపోదు. నాయకుడి కోసం మొదట కత్తి దూసిన అనుచరుడు పేతురు. అదే అనుచరుడు తెల్లవారేలోపల, కోడి కూసేలోపల, వాడెవడో నాకు తెలియదు అని మూడుసార్లు అంటాడు. ఇక్కడ ఈ కథ ఎవరికి అర్థం కాదు చెప్పండి? కత్తి ఒరలో పెట్టమని నాయకుడే చెప్పడం ఒక్కటే ఇక్కడ కొత్త.

బరబ్బ సంగతీ అంతే. ఒక అల్లర్ల కేసులో, హత్య కేసులో లోపలున్నవాడు. ఎవర్ని వదలాలో మీరే చెప్పండి అని పిలాతు అడుగుతాడు. మార్కు, లూకా ఇద్దరూ బరబ్బ మీద హత్య మాట రాశారు. జనం బరబ్బనే కోరుకున్నారు. అట్లా కోరుకున్నవాళ్ళు చెడ్డవాళ్ళని నేననుకోను. 'మనవాడు' అనుకున్నారు, అంతే.

ఖర్చుల సంగతి, కెమెరాల సంగతి నేను పెద్దగా చెప్పను. అదంతా చేయొచ్చు. ఇప్పుడు ఒక డ్రోన్, నాలుగు ఫోన్లు ఉంటే లైవ్ అయిపోతుంది. ఒకటి మాత్రం డచ్ వాళ్ళ దగ్గర చూసి నేర్చుకోవచ్చు. వాళ్ళు మేకులు కొట్టడం, రక్తం కారడం స్టేజి మీద చూపించరు. చీకటి పడుతుంది, పాట వస్తుంది, తెల్ల సిలువ మైదానానికి చేరుతుంది. రక్తం చూపించకపోతే మన జనానికి పట్టదు అంటారేమో. కరుణామయుడులో రక్తం చూసి ఏడ్చిన మాట నిజమే. కానీ మన ఊర్లలో అసలు రక్తం చూసినవాళ్ళున్నారు, ఎర్రరంగు వాళ్ళకు కొత్తగా ఏం చెప్తుంది?

రూటు గురించి ఒక్క మాట, ఇది మాత్రం ముఖ్యం. 2018లో డచ్ ప్యాషన్ ఆమ్‌స్టర్‌డామ్‌కు వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ అంటే కాలువలు, పాత చర్చిలు, టూరిస్టులు వచ్చే సెంటర్ ఉంది కదా. అక్కడ పెట్టలేదు. బైల్మర్ అనే శివారు పేటలో పెట్టారు. సురినామ్ నుంచి, ఘానా నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్లు. 1992 అక్టోబర్ 4న ఒక సరుకు విమానం ఆ అపార్ట్‌మెంట్ల మీదే కూలింది. పెద్ద ఊరు ఎప్పుడూ కొంచెం దూరం పెట్టిన చోటు. ఆ ఏడాది టీవీలో దేశం నడిబొడ్డు అదే అయింది.

ప్రొద్దుటూరులో ఎవరైనా ఇట్లాంటిది చేస్తే, గాంధీ రోడ్డులో స్టేజి ఎక్కడ వేస్తారు, ట్రాఫిక్ ఎట్లా ఆపుతారు అని మొదట అడుగుతారు అందరూ. నేనైతే సిలువ ఎక్కడ లేస్తుంది అని అడుగుతా. బజారులోనే లేచి బజారులోనే దిగితే అది ఇంకో ఊరేగింపు. జమ్మలమడుగు తట్టు పాత మిషన్ పల్లెల్లో ఒకదాంట్లో లేచి, రోడ్డు పట్టుకుని ప్రొద్దుటూరు దాకా వస్తే, ఇరవై కిలోమీటర్ల పైమాటే. దారిలో ఊరూరా భుజాలు మారతాయి. కురేనీయుడైన సీమోను పొలం నుంచి వస్తా ఉంటే పట్టుకుని సిలువ మోయించారని రాసుంది కదా, మన దారిలో సీమోన్లకు కొదవలేదు. శనగ చేల నుంచి వచ్చేవాళ్ళు, బైకు ఆపి చూసేవాళ్ళు, పీరు మోసిన చేతులు, తేరు లాగిన చేతులు. వాళ్ళలో ఎవరు భుజం పెడతారో, ఎవరు పెట్టరో, యాంకర్ మైకు పెట్టి అడిగితే ఏం చెప్తారో, నేను చూడాలనుకునే షో అది.

వచ్చే ఎపిసోడ్‌లో సురభి వాళ్ళ తెరలు, తీగల మాయ గురించి మాట్లాడుకుందాం. మాయాబజార్‌లో ఘటోత్కచుడు గాల్లోకి ఎట్లా లేస్తాడో చెప్తా. ఉంటాను మరి.